రాస్ప్‌బెర్రీ గైడ్: ఏముంది, ఎలా కొనాలి, మన తిండిలో ఎలా కలపాలి (బెంగళూరు తెలుగువాళ్ళ కోసం)

బెంగళూరులో ఉంటున్న మనవాళ్ళకి రాస్ప్‌బెర్రీ ఇప్పుడు పేపర్‌లో చదివే ఫారిన్ పండు కాదు, ఫోన్‌లో కొత్తిమీర కట్ట, పెరుగు ప్యాకెట్ ఆర్డర్ పెడుతుంటే పక్కనే ఎర్రగా కనిపిస్తూనే ఉంటుంది. వైట్‌ఫీల్డ్, బెల్లందూరు వైపు కొంచెం పెద్ద సూపర్‌మార్కెట్‌కి వెళ్తే ఫ్రీజర్‌లో ప్యాకెట్లు వరసగా ఉంటాయి. ఇంకోపక్క ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో "పొట్ట కరిగించే ఎర్ర పండు", "షుగర్‌ని మాయం చేసే పండు" అని ఫార్వర్డ్‌లు. కొందామా అంటే రేటు చూసి చెయ్యి ఆగిపోతుంది, వదిలేద్దామా అంటే ఏదో మిస్సవుతున్నామన్న ఫీలింగ్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాస్ప్‌బెర్రీ మంచి పండే, కానీ దాని గొప్పంతా ఒకే దగ్గరుంది: పీచు చాలా ఎక్కువ, చక్కెర చాలా తక్కువ, ఆ పీచులో పెద్ద వాటా ఆ చిన్న చిన్న గింజల్లోనే ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఏది కొనాలి, ఎంత తినాలి, దేనికి డబ్బు తగలెయ్యకూడదు అన్నీ వాటంతటవే తేలిపోతాయి. కింద స్టెప్పులన్నీ దాని చుట్టూనే రాశాను.

స్టెప్ 1: లోపల ఏముందో ముందు చూసుకోండి

100 గ్రాముల తాజా రాస్ప్‌బెర్రీలో కేలరీలు 52. అందులో 85 గ్రాములకి పైగా నీళ్ళే. పిండిపదార్థం 12 గ్రాముల దాకా ఉంటుంది కానీ అందులో 6.5 గ్రాములు పీచు, చక్కెర నాలుగున్నర గ్రాములు కూడా ఉండదు. ఈ జోడీ పండ్లలో అరుదు. పోలిక కావాలంటే అదే 100 గ్రాముల అరటిపండులో చక్కెర 12 గ్రాములు, పీచు 2.6. మామిడిలో చక్కెర 14 దాకా, పీచు 1.6. ద్రాక్షలో అయితే చక్కెర 15 దాటుతుంది, పీచు 1 గ్రాము కూడా రాదు. యాపిల్ మంచిదని రోజూ కోసుకు తింటాం కదా, అందులో కూడా పీచు 2.4 గ్రాములే.

షాపుల్లో దొరికే చిన్న ప్లాస్టిక్ బాక్స్ చాలావరకు 125 గ్రాములు, అంటే దాదాపు ఒక కప్పు. కప్పుకి 64 కేలరీలు, 8 గ్రాముల పీచు, 32 మిల్లీగ్రాముల విటమిన్ సి. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, ఒక్క కప్పుతోనే అందులో మూడో వంతు వచ్చేసింది. విటమిన్ సి సంగతికొస్తే మన దేశ పోషకాహార సంస్థ ఐసీఎంఆర్-ఎన్ఐఎన్ 2020 లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 65 మిల్లీగ్రాములు, మగవాళ్ళకి 80, కాబట్టి కప్పుకి సగం, సగానికి కాస్త తక్కువ అనుకోండి. మాంగనీస్ కప్పుకి 0.8 మిల్లీగ్రాములు ఉంటుంది, మనకి రోజుకి కావలసింది సుమారు 2 మాత్రమే కాబట్టి అదీ బాగానే అందినట్టు. ఎముకల పెరుగుదలకి, ఒంట్లో కొన్ని ఎంజైములు పనిచెయ్యడానికి ఇది కావాలి. విటమిన్ కె, ఫోలేట్, మెగ్నీషియం, పొటాషియం కూడా ఉన్నాయి గానీ అవి కొద్దికొద్దిగానే, వాటి కోసం ఎవరూ రాస్ప్‌బెర్రీ కొనరు, తోటకూర పప్పు తింటే చాలు.

ఇక ఆ ఎరుపు. అది ఆంథోసయానిన్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తుంది, మన నేరేడు పండు తింటే నాలుక ఊదా రంగు ఎక్కేది కూడా ఈ జాతి పదార్థాల వల్లే. వీటితో పాటు ఎల్లాజిటానిన్లు అని ఇంకో రకం ఉన్నాయి, ఇవి దానిమ్మలోనూ ఉంటాయి. ఇవి నేరుగా రక్తంలోకి వెళ్ళవు, పేగుల్లో ఉండే బ్యాక్టీరియా వీటిని విరగ్గొట్టి యూరోలిథిన్లు అనేవి తయారుచేస్తుంది, వాటి మీదే సైంటిస్టులకి ఆసక్తి. ఇందులో తిరకాసు ఏంటంటే అందరి పేగుల్లో ఆ పని చేసే బ్యాక్టీరియా ఒకేలా ఉండదు, అంటే ఒకే పండు ఇద్దరు తిన్నా ఒకరికి వచ్చినంత ఇంకొకరికి రాకపోవచ్చు. అందుకే "యాంటీఆక్సిడెంట్ కాబట్టి క్యాన్సర్ రాదు" లాంటి ఫార్వర్డ్ కనిపిస్తే తలాడించి వదిలెయ్యండి. అన్నట్టు క్యాన్సర్ గురించి తిరిగే చాలా మాటలు నల్ల రాస్ప్‌బెర్రీ పొడి మీద అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ లాంటి చోట్ల జరిగిన రీసెర్చ్ నుంచి వచ్చాయి. అది రూబస్ ఆక్సిడెంటాలిస్ అనే వేరే మొక్క, మన ఫ్రీజర్‌లో ఉన్న ఎర్రది రూబస్ ఐడియస్. రెండూ దగ్గరి చుట్టాలే కానీ ఒకటి కాదు.

స్టెప్ 2: అసలు మీకు అవసరమా?

ఇది చాలా గైడుల్లో రాయరు, నేను మాత్రం రాస్తాను. ఫ్రెష్ రాస్ప్‌బెర్రీ బాక్స్ రేటుని కిలోకి లెక్కేసి చూడండి, మటన్ చవకనిపిస్తుంది. అదే మీ వీధి చివర హాప్‌కామ్స్ స్టాల్‌లో దొరికే జామకాయలో 100 గ్రాములకి 5 గ్రాములకి పైగా పీచు, 200 మిల్లీగ్రాములు దాటి విటమిన్ సి ఉంటాయి, చక్కెర 9 గ్రాముల దాకా. అంటే విటమిన్ సి కోసమే అయితే రాస్ప్‌బెర్రీ జామకాయ దరిదాపుల్లోకి రాదు, ఉసిరికాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆంథోసయానిన్ల కోసమైతే జూన్, జులైలో కేఆర్ మార్కెట్‌లో నేరేడు పళ్ళు గుట్టలు పోసి ఉంటాయి, ఎల్లాజిటానిన్ల కోసమైతే దానిమ్మ ఏడాదంతా ఉంటుంది.

మరి రాస్ప్‌బెర్రీ ఎవరికి? షుగర్ ఉండి పండు తినాలంటే భయపడేవాళ్ళకి, బరువు చూసుకుంటూ తీపి మీద మనసు చంపుకోలేనివాళ్ళకి, కాలేజీ, పీజీ, ఆఫీసు తిండితో పీచు బొత్తిగా అందనివాళ్ళకి, జామకాయ గింజలు పళ్ళలో ఇరుక్కుంటాయని పక్కన పెట్టేసే ముసలివాళ్ళకి. రాస్ప్‌బెర్రీ గింజలూ ఇరుక్కుంటాయి నిజమే, కాకపోతే పండు మెత్తగా ఉంటుంది కాబట్టి పెద్దగా నమలక్కర్లేదు. మిగతావాళ్ళు వారంలో రెండు మూడు సార్లు సరదాగా తింటే చాలు, మిగతా రోజులు జామకాయే రైటు. రెండూ మార్చి మార్చి తినేవాళ్ళు తెలివైనవాళ్ళు.

స్టెప్ 3: ఫ్రెష్ కొనాలా, ఫ్రోజెన్ కొనాలా

మన ఊళ్ళో నా ఓటు కళ్ళు మూసుకుని ఫ్రోజెన్‌కే. ఎందుకో చెప్తాను. రాస్ప్‌బెర్రీ మామిడికాయలా కోశాక ముగ్గేది కాదు, చెట్టు మీదే పండాలి, పండిన దగ్గర్నుంచి దానికి ఆయుష్షు చాలా తక్కువ. కోసినప్పుడు మధ్యలో ఉండే తెల్లటి దిమ్మ చెట్టుకే ఉండిపోతుంది, అందుకే పండు లోపల టోపీలా బోలుగా ఉంటుంది. గోడ పల్చన, లోపల ఖాళీ, పైన చిన్న చిన్న రసం బుడగలు అంటుకుని ఉన్నట్టు ఉంటుంది, అలాంటిది విమానమెక్కి, కోల్డ్ స్టోరేజ్‌లో ఉండి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో డెలివరీ బ్యాగ్‌లో ఎగిరెగిరి వచ్చేసరికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫ్రోజెన్‌ది అయితే కోసిన కొద్దిసేపట్లోనే గడ్డకట్టించేస్తారు, పీచు, ఖనిజాలు ఎక్కడికీ పోవు, విటమిన్ సి కూడా చాలావరకు నిలబడుతుంది. వారం రోజులు ఫ్రిజ్‌లో వాడిపోయిన ఫ్రెష్ కంటే అదే నయం. రేటు కూడా బాగా తక్కువ.

అయినా ఫ్రెష్‌దే కావాలి, పిల్ల పుట్టినరోజు కేక్ మీద పెట్టాలి అనుకుంటే యాప్‌లో కాకుండా స్వయంగా వెళ్ళి కొనండి. బాక్స్ మూత వైపు చూసి మురిసిపోకండి, పైన ఎప్పుడూ బాగున్నవే కనిపిస్తాయి. మెల్లగా తిరగేసి అడుగు చూడండి. కింద ఒక మెత్తటి కాగితం లాంటిది పరిచి ఉంటుంది, అది పొడిగా ఉంటే మంచి బాక్స్. గులాబీ రంగు మరక ఒకటీ అరా ఉంటే ఆరోజే తినేసేటట్టయితే పర్లేదు, మొత్తం ఎర్రగా తడిసిపోయి ఉంటే పెట్టేసి వచ్చెయ్యండి. తర్వాత వెలుతురుకి ఎత్తి పళ్ళ మధ్య సందుల్లో చూడండి, బూడిద రంగు నూగులాంటిది కనిపిస్తే అది బోట్రైటిస్ అనే బూజు, ఒక్క పండుకి పట్టినా తెల్లారేసరికి పక్కవాటికి పాకుతుంది. పండు మీద సన్నటి వెంట్రుకలు మామూలుగానే ఉంటాయి, వాటిని బూజు అనుకుని కంగారు పడకండి, వెంట్రుకలు విడివిడిగా నిలబడి ఉంటాయి, బూజు దూదిలా అల్లుకుని ఉంటుంది. మరీ ముదురు ఎరుపు తిరిగి మెరుపు పోయినవి బాగా పండిపోయినవి, తీపిగానే ఉంటాయి కానీ ఆగవు.

ఫ్రోజెన్ ప్యాకెట్ కొనేటప్పుడు ఒకటే టెస్ట్: ప్యాకెట్‌ని చేత్తో కదపండి. పళ్ళు గోళీల్లా విడివిడిగా కదలాలి. మొత్తం ఒకే ఇటుకలా గడ్డకట్టి ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, మన ఊళ్ళో కరెంటు కోతలు, ఫ్రీజర్ తలుపులు తెరిచి వదిలెయ్యడాలు మామూలే కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. ప్యాకెట్ వెనక పదార్థాల దగ్గర "రాస్ప్‌బెర్రీ" అని ఒక్క మాటే ఉండాలి, చక్కెర, సిరప్, రంగు ఏవి కనిపించినా అది వేరే సరుకు. "మిక్స్‌డ్ బెర్రీ" ప్యాకెట్ తీసుకుంటే అందులో రాస్ప్‌బెర్రీ శాతం ఎంతో చదవండి, చాలాసార్లు స్ట్రాబెర్రీతో నింపేస్తారు.

స్టెప్ 4: ఇంటికి తెచ్చాక

ఫ్రెష్‌వి రాగానే కడిగెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది, ఆగండి. తడి తగిలితే సాయంత్రానికే బూజు మొదలవుతుంది. కడగకుండా, ఒక వెడల్పాటి డబ్బాలో కిచెన్ టవల్ పరిచి, పళ్ళని ఒకటే వరసలో పేర్చి, మూత పూర్తిగా బిగించకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజులు, మహా అయితే మూడు. తినబోయే ముందు జల్లెడలో వేసి కుళాయిని సన్నగా వదిలి కడగండి, నీళ్ళలో నానబెట్టకండి, బోలు లోపల నీళ్ళు నిండి రుచి చప్పబడుతుంది. మిగిలిపోతాయనిపిస్తే పళ్ళెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక కవర్లోకి మార్చుకోండి.

కడగడం గురించి ఇంకో మాట. ఈ పండు మీదున్న సందులూ వెంట్రుకలూ సూక్ష్మక్రిములు దాక్కోవడానికి భలే అనువైన చోటు. 1996లో అమెరికా, కెనడాల్లో సైక్లోస్పోరా అనే పరాన్నజీవి వల్ల 1400 మందికి పైగా విరేచనాలతో మంచాన పడ్డారు, వెతికితే అది గ్వాటెమాలా నుంచి వచ్చిన ఫ్రెష్ రాస్ప్‌బెర్రీల దగ్గర తేలింది. యూరప్‌లో ఫ్రోజెన్ రాస్ప్‌బెర్రీల వల్ల నోరోవైరస్ వాంతులు, విరేచనాలు వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఫ్రీజర్ వైరస్‌ని చంపదు, దాచి పెడుతుందంతే. అందుకే డెన్మార్క్, ఫిన్లాండ్ ఫుడ్ సేఫ్టీ వాళ్ళు బయటి దేశాల ఫ్రోజెన్ రాస్ప్‌బెర్రీలని మరిగించి వాడుకోమని జనానికి చెప్తారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళు నమ్మకమైన ప్యాకెట్ నేరుగా తిన్నా సాధారణంగా ఏమీ కాదు. కానీ ఇంట్లో గర్భిణి, రెండు మూడేళ్ళ పిల్లలు, పెద్దవయసు వాళ్ళు, కీమో లాంటి ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు ఉంటే చిన్న గిన్నెలో వేసి బాగా కుతకుతలాడించి రెండు మూడు నిమిషాలు ఉడకనివ్వండి. కొంత విటమిన్ సి పోతుంది, పోనివ్వండి, అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే వచ్చేస్తుంది. మనం కొన్నది పీచు కోసం, అది మరిగించినా పోదు.

స్టెప్ 5: ఎంత, ఎప్పుడు

రోజుకి అర కప్పు, అంటే 60 గ్రాములు. అంతే. దాంతో 4 గ్రాముల పీచు, 32 కేలరీలు వస్తాయి, 500 గ్రాముల ప్యాకెట్ ఒక మనిషికి ఎనిమిది సార్లు వస్తుంది. ఇన్నాళ్ళూ తెల్లన్నం, ఇడ్లీ, మైదా పరోటాల మీద బతికి ఒక్కసారిగా కప్పులు కప్పులు తింటే కడుపు ఉబ్బరం, గ్యాస్ ఖాయం. మొదటి వారం గుప్పెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, దాంతో పాటు నీళ్ళు ఎక్కువ తాగండి. పీచు పెంచి నీళ్ళు పెంచకపోతే మలబద్ధకం తగ్గకపోగా ఇంకా బిగుస్తుంది, ఆఫీసు ఏసీలో కూర్చుని దాహం తెలియనివాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం. చికాగోలో ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్ళు 2019లో ఒక స్టడీ ప్రచురించారు. ప్రీడయాబెటిస్ (షుగర్ వచ్చే అంచున ఉండటం) ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు కలిపి 32 మందికి పిండిపదార్థం ఎక్కువున్న బ్రేక్‌ఫాస్ట్‌తో పాటు రాస్ప్‌బెర్రీలు పెట్టి, పెట్టకుండా రక్తంలో గ్లూకోజ్ కొలిచారు. ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ళలో రెండు కప్పులు, అంటే 250 గ్రాములు తిన్నప్పుడు గ్లూకోజ్ పెరిగే తీరు తగ్గింది. వినడానికి బాగుంది, కానీ చిన్న స్టడీ, అది కూడా ఒక పూట తిండి మీద. రోజూ 250 గ్రాములు కొనే స్తోమత మనలో ఎంతమందికుంది చెప్పండి! నేను దీన్నుంచి తీసుకునేది ఒక్కటే: పండు విడిగా సాయంత్రం నాలుగింటికి కాకుండా ఇడ్లీ, దోసె, ఉప్మా లాంటి పిండి టిఫిన్‌తో పాటు తినండి, టిఫిన్ ఒక ఇడ్లీ తగ్గించి ఆ ఖాళీలో తినండి. టిఫిన్ మొత్తం లాగించి దాని పైన రాస్ప్‌బెర్రీ వేసుకుంటే లెక్క సరిపోదు. గ్లూకోమీటర్ ఉంటే తిన్న రెండు గంటలకి చూసుకోండి, మీ ఒంటికి ఏం జరుగుతుందో ఆ మెషిన్ చెప్పినంత కరెక్ట్‌గా ఏ ఆర్టికల్ చెప్పదు. మందులు మాత్రం డాక్టర్ చెప్పకుండా తగ్గించకండి, పండు మందు కాదు.

రక్తం తక్కువగా ఉందని చెప్పినవాళ్ళు ఇంకో చిన్న పని చెయ్యొచ్చు. ఆకుకూరలు, రాగి, శనగల్లో ఉండే ఐరన్ ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయం చేస్తుంది, కాబట్టి వాటితో పాటే ఈ పళ్ళు నాలుగు వేసుకోండి. అదే పూట వెంటనే ఫిల్టర్ కాఫీ తాగితే ఆ ఐరన్‌కి కాఫీయే అడ్డం, ఒక గంట ఆగండి. బెంగళూరులో టిఫిన్ తర్వాత కాఫీ ఆపడం కష్టమే, తెలుసు.

స్టెప్ 6: మన తిండిలోకి

యూట్యూబ్‌లో చూపించే చియా పుడ్డింగులు, చీజ్‌కేకులు మనకెందుకండీ, రోజూ చేసుకునేవాటిలోకే ఇది చక్కగా వస్తుంది.

రాగి జావ: రెండు మూడు చెంచాల రాగి పిండి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఉడికించి, చల్లారాక పల్చటి మజ్జిగ, ఉప్పు కలిపేస్తాం కదా. ఆ మజ్జిగ బదులు అర కప్పు రాస్ప్‌బెర్రీ గరిటెతో చిదిమి వేసి, చిటికెడు ఉప్పు, ఇష్టమైతే కొద్దిగా బెల్లం వెయ్యండి. రాగిలో ఉన్న పీచు, దీని పీచు కలిపి పొద్దున్నే 6, 7 గ్రాములు అయిపోతుంది. పాలతో చేసిన జావ అయితే వేడి మీద మాత్రం వెయ్యకండి, పులుపుకి పాలు విరిగిపోతాయి. గోరువెచ్చగా కూడా కాదు, పూర్తిగా చల్లారాకే.

పెరుగు: చక్కెర లేని గట్టి పెరుగులో రాత్రే ఫ్రోజెన్ పళ్ళు వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పొద్దున్నకి కరిగి గులాబీ రంగు చారలతో రెడీగా ఉంటుంది. పైన నాలుగు వేయించిన పల్లీలో బాదంపప్పులో వేసుకుంటే ఆఫీసులో పదకొండింటికి ఆకలెయ్యదు.

స్మూతీ: మిక్సీలో వేస్తే పీచు పోతుందని కొందరు అంటారు, పోదు, ముక్కలవుతుందంతే. పోయేది ఎప్పుడంటే గింజలు అడ్డం పడుతున్నాయని వడగట్టినప్పుడు. వడగట్టిన మరుక్షణం మీరు డబ్బు పెట్టి కొన్నది జల్లెడలో ఉండిపోయింది, గ్లాసులో మిగిలింది రంగు నీళ్ళు, కాస్త చక్కెర. గింజలు నచ్చకపోతే కొద్దిగా ఎక్కువసేపు తిప్పండి, వడగట్టకండి.

ఇక నాకు అన్నిటికంటే నచ్చేది పచ్చడి. పులుపున్న ఏ పండైనా మన చేతికి చిక్కితే రోట్లోకి వెళ్ళాల్సిందే కదా. నలుగురికి 200 గ్రాముల ఫ్రోజెన్ రాస్ప్‌బెర్రీ తీసుకోండి. ముందు బాణలిలో రెండు చెంచాల పల్లీలు దోరగా వేయించి తీసి, అదే బాణలిలో చెంచాడు నూనె వేసి ఐదారు పచ్చిమిర్చి, అర చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించి తియ్యండి. ఇప్పుడు పళ్ళు అలాగే గడ్డలుగానే వెయ్యండి, కరగబెట్టక్కర్లేదు. రెండు నిమిషాల్లో నీళ్ళు వదిలి కుతకుతమంటూ ఉడుకుతుంది, చిటికెడు పసుపు వేసి ఆ నీళ్ళు సగానికి ఇగిరి గరిటెకి పట్టుకునేదాకా ఉంచండి. ఇందాక చెప్పిన మరిగించే పని కూడా ఇక్కడే అయిపోయింది. మిక్సీలో ముందు పల్లీలు, వేయించిన మిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు కచ్చాపచ్చాగా తిప్పి, చివర్లో ఉడికిన పళ్ళు వేసి ఒక్క తిప్పు తిప్పండి చాలు, మెత్తగా చేస్తే జామ్‌లా అయిపోతుంది. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు. చింతపండు అస్సలు వద్దు, పులుపు దానికదే సరిపోతుంది, మరీ ఎక్కువనిపిస్తే గోలీ అంత బెల్లం. వేడన్నంలో నెయ్యితో బాగుంటుంది, జొన్నరొట్టెతో ఇంకా బాగుంటుంది, పైగా రొట్టెతో అయితే పీచు మీద పీచు. ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచకండి, ఇందులో నూనె, ఉప్పు ఆవకాయలా ఉండవు కాబట్టి నిలవ ఉండదు.

స్టెప్ 7: సీసాలు, డబ్బాలు, క్యాప్సూళ్ళు

జామ్. మన దేశంలో మామూలు పండ్ల జామ్‌లో కనీసం 45 శాతం పండు ఉండాలని రూల్, కానీ స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీకి మాత్రం 25 శాతం ఉంటే చాలు. మొత్తం కరిగిన ఘనపదార్థం 65 శాతానికి తగ్గకూడదు, అందులో సింహభాగం చక్కెరే. అంటే బ్రెడ్ మీద రాసుకునేది రాస్ప్‌బెర్రీ వాసన ఉన్న పాకం. అప్పుడప్పుడు పిల్లలకి పెడితే తప్పేం లేదు, ఆరోగ్యం పేరుతో మాత్రం కొనకండి. క్రష్‌లు, సిరప్‌లు, ఫ్లేవర్డ్ యోగర్ట్‌లు, ఐస్‌టీలు కూడా ఇదే కథ.

ఎండబెట్టినవి కొనేటప్పుడు లేబుల్ చూడాలి, చాలావరకు చక్కెర పాకంలో నానబెట్టి ఎండబెట్టినవే. ఫ్రీజ్-డ్రైడ్ అని పెళుసుగా ఉండేవి, పొడి చేసి అమ్మేవి నయం, పీచు ఉంటుంది, రేటు మాత్రం కళ్ళు తిరుగుతాయి.

అసలు పెద్ద మోసం రాస్ప్‌బెర్రీ కీటోన్ క్యాప్సూళ్ళు. పండుకి ఆ సువాసన ఇచ్చే పదార్థాల్లో ఇదొకటి. ఎలుకలకి భారీ డోసులు ఇచ్చి చేసిన ప్రయోగాల ఆధారంగా "కొవ్వు కరుగుతుంది" అని అమ్మేస్తున్నారు, మనుషుల్లో బరువు తగ్గుతుందని చెప్పే గట్టి ఆధారం లేదు. ఇంకో తమాషా ఏంటంటే కిలో రాస్ప్‌బెర్రీలో ఈ కీటోన్ కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది, కాబట్టి క్యాప్సూల్‌లో వందల మిల్లీగ్రాములు ఉందంటే అది పండులోంచి తీసింది అయ్యే ఛాన్స్ లేదు, ఫ్యాక్టరీలో తయారైంది. పేరులో పండు ఉంది, సీసాలో పండు లేదు. బీపీ, గుండె మందులు వాడేవాళ్ళయితే దీని జోలికి అసలే పోవద్దు.

స్టెప్ 8: ఎవరు ఆలోచించి తినాలి

కిడ్నీలో కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు వచ్చినవాళ్ళు ముందు డాక్టర్ని అడగండి, ఈ పండులో ఆక్సలేట్లు ఉన్నాయి. తినొచ్చు అంటే పెరుగుతో కలిపి తినడం మంచిది, పెరుగులో కాల్షియం కొంత ఆక్సలేట్‌ని పేగులోనే పట్టేసుకుంటుంది. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో పెట్టే పేగుల సమస్య) ఉన్నవాళ్ళు గుప్పెడుతో ఆగిపోండి. రాస్ప్‌బెర్రీ గులాబీ కుటుంబం మొక్క, యాపిల్, పీచ్, స్ట్రాబెర్రీ తింటే నోరు దురదపెట్టేవాళ్ళు మొదటిసారి ఒకటి రెండు తిని ఆగి చూడండి. రక్తం పల్చబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్ళు విటమిన్ కె గురించి కంగారు పడతారు, ఇందులో 100 గ్రాములకి 8 మైక్రోగ్రాముల దాకానే ఉంది, ఆకుకూరలతో పోలిస్తే ఏమీ కాదు, అయినా తిండిలో ఏ మార్పైనా మీ డాక్టర్‌కి ఒక మాట చెప్పండి.

గర్భిణులు పండు తినొచ్చు, పైన చెప్పినట్టు మరిగించి. రాస్ప్‌బెర్రీ ఆకుల టీ అని ఆన్‌లైన్‌లో అమ్ముతారు, కాన్పు సులువవుతుందని, అది వేరే విషయం, డాక్టర్‌ని అడగకుండా వద్దు. ఆరు నెలలు నిండి ఘనాహారం మొదలుపెట్టిన ఏడాది లోపు పిల్లలకి ఉడికించి చిదిమి పెట్టాలి.

స్టెప్ 9: ఊటీ రోడ్డు మీద, ఇంటి మిద్దె మీద

పెంచుకుందాం అనుకునేవాళ్ళకి ఒక మాట. షాపులో దొరికే ఎర్ర రకానికి చలికాలంలో వందల గంటలు గట్టి చలి పడితేనే కాపు వస్తుంది, బెంగళూరు డిసెంబర్ చలి మనకి స్వెటర్ తీయిస్తుందేమో గానీ దానికి సరిపోదు. నర్సరీలో ఎవరైనా ఎర్ర రాస్ప్‌బెర్రీ మొక్క అని అంటగడితే ఆకులు చూసి ఆనందించాల్సిందే. మన వాతావరణానికి నప్పేది రూబస్ నైవియస్, దీన్ని మైసూర్ రాస్ప్‌బెర్రీ అంటారు, పండేకొద్దీ ఎరుపు నుంచి నలుపు తిరుగుతుంది. నీలగిరులు, కొడైకెనాల్ కొండల్లో ఇదీ, రూబస్ ఎలిప్టికస్ అనే పసుపు రంగు రకమూ వాటంతటవే పెరుగుతాయి. మిద్దె మీద పెద్ద డ్రమ్ములో పెట్టొచ్చు, తాడు కట్టి పైకి పాకించాలి, ఎండ బాగా కావాలి. ముళ్ళు మాత్రం గట్టివి, పిల్లలు ఆడుకునే చోట వద్దు.

కొండల మీద ట్రిప్పుకెళ్ళినప్పుడు దారి పక్కన కనిపించిన ప్రతి నల్ల గుత్తినీ రాస్ప్‌బెర్రీ అనుకుని నోట్లో వేసుకోకండి. నంది హిల్స్ దారి నుంచి ఊటీ ఘాట్ దాకా ఎక్కడ చూసినా ఉండే లాంటానా పొదకి కూడా చిన్న చిన్న నల్ల గుండ్లు గుత్తిగా కాస్తాయి, దాని పచ్చి కాయలు విషం. గుర్తుపట్టడం తేలికే: లాంటానా గుత్తిలో ఒక్కో గుండు విడిగా ఊడొస్తుంది, ఆకు నలిపితే ఘాటు వాసన, అదే పొద మీద పసుపు, నారింజ, గులాబీ పూలు కలిసి ఉంటాయి. రాస్ప్‌బెర్రీ అయితే గుత్తంతా ఒకే పండుగా టోపీలా ఊడొస్తుంది, లోపల బోలుగా ఉంటుంది, ఊడిన చోట కొమ్మకి తెల్ల దిమ్మ మిగిలి ఉంటుంది. ఈ గుర్తులన్నీ కుదిరినా స్థానికులు ఎవరైనా పక్కనుంటే అడిగే తినండి, పిల్లలకి మాత్రం దారి పక్క పళ్ళు వద్దనే చెప్పండి.